యొర్దాను గోడ ముందు ఒక రాత్రి

ముందే చెప్పేస్తున్నాను, ఇది కల్పించింది కాదు. ఎవరి దగ్గరో విని, ఉప్పూ కారం కలిపి వడ్డిస్తున్నదీ కాదు. దేవుడి మీద ఒట్టేస్తే మీరు నవ్వుతారు. నేను గుడికి వెళ్ళేది పులిహోర కోసమని మీ అందరికీ తెలుసు. అందుకని నా ఉద్యోగం మీద ఒట్టు. నా దగ్గర అంతకంటే గట్టి ప్రమాణం లేదు. నవ్వడం అయ్యాక వినండి.

నా పనేమిటో తెలియని వాళ్ళకి ఒక ముక్కలో చెప్తాను. పాత బొమ్మలకీ, గోడలకీ, విగ్రహాలకీ పరీక్షలు చేస్తాను. మనిషికి స్కానింగ్ చేసినట్టే. ఏ రంగు దేనితో చేశారు, దాని మీద తర్వాత ఎవరైనా పూశారా, లోపల తేమ ఉందా, పైన పూసిన గచ్చు గోడను వదిలేసిందా... ఇవన్నీ గీకకుండా, కొయ్యకుండా చెప్పాలి. ఎక్స్‌రే గన్ ఒకటి ఉంటుంది. దాన్ని గోడ దగ్గర పెడితే రంగులో ఏ లోహాలున్నాయో చెప్తుంది. వేడిని చూసే కెమెరా ఇంకొకటి. ఇవి పెట్టెల్లో సర్దుకుని ఊళ్ళు తిరుగుతాను. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. "పాత కట్టడాల్లో రాత్రుళ్ళు ఒక్కదానివే... భయం లేదా?" నాకు ఒళ్ళు మండుతుంది. ఉంది, గబ్బిలాలంటే ఉంది, అంటాను.

ఆ రాత్రి అక్కడ గబ్బిలాలు కూడా లేవు.

చోడవరంలో, చీడికాడ వైపు వెళ్ళే దారిలో ఒక పాత చర్చి ఉండేది. పెంకుల కప్పు, సున్నపు గోడలు. సంఘం పెరిగింది, చోటు చాలడం లేదు. పడగొట్టి కొత్తది కట్టాలని తీర్మానించుకున్నారు. అంతా బాగానే ఉంది కానీ ఒక గోడ దగ్గర పేచీ వచ్చింది. నన్ను పిలిచింది అందుకే. మాది దేవరాపల్లి. చోడవరం పని అంటే మా ఆఫీసులో అందరూ నా వైపే చూస్తారు.

ఆ గోడ సంగతి చెప్పాలి. వేదిక వెనక ఛాతీ లోతు తొట్టి ఒకటి ఉంది. బాప్తిస్మం తొట్టి. వాళ్ళ సంఘంలో పసిపిల్లల తల మీద నీళ్ళు చల్లరు. ఊహ తెలిశాక, నేను నమ్ముతున్నాను అని తనంతట తాను చెప్పాక, పాస్టర్ గారు నీళ్ళలో పూర్తిగా ముంచి లేపుతారు. ఆ తొట్టి వెనక గోడ నిండా, యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది బొమ్మ. ఎవరు వేశారో ఎవరికీ గుర్తు లేదు. వేసినాయన యొర్దానును చూడలేదని మాత్రం చూడగానే తెలిసిపోతుంది. నదికి అటూ ఇటూ తాటిచెట్లు, వెనక మన చీడికాడ కొండలు, గట్టు మీద ఒక కొంగ. మన శారదా నదినే తీసుకెళ్ళి బైబిల్లో పెట్టేశాడు. నాకు ఆ మనిషి మీద అప్పుడే ఇష్టం కలిగింది.

తొట్టికి ఎడమ చివర మెట్లు. నాచు పట్టి జారేవట, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. అందుకని నీళ్ళలోంచి పైకొచ్చే ప్రతివాళ్ళూ కుడిచేత్తో గోడను ఆనుకునేవారు. సరిగ్గా అక్కడే ఒక తాటిచెట్టు మాను గీసి ఉంది. అలా ఎన్నో ఏళ్ళు, ఎన్నో తడి చేతులు. మాను మీద రంగు చెదిరి, నల్లటి మరక కట్టింది. తర్వాత అదే ఆచారమైపోయింది. తాతలు మనవల్ని తీసుకొచ్చి, ఇదిగో నా చెయ్యి ఇక్కడే పెట్టాను, అని చూపించేవారట.

నన్ను పిలిచింది సామ్యూల్ గారు. రిటైరైన బడిపంతులు, సంఘానికి సెక్రెటరీ. మనిషి మంచివాడే కానీ మాట సూటిగా ఉంటుంది.

"సూడమ్మా సంధ్యా, నాకేటి ఆ గోడంటే పగా? నేనూ ఆ తొట్లో మునిగినోణ్ణే. గోడ నిలబడుద్దని నువ్వు రిపోర్టిచ్చెయ్, దాని సుట్టూ కొత్త సర్చి కట్టుకుంటాం. నిలబడదన్నావా... సోమారం జేసీబీ వస్తాది. మళ్ళీ నన్ను అడక్కూడదు."

ఇంకొకావిడ మార్తమ్మ. చర్చి ఊడ్చేది, గంట కొట్టేది, తాళాలు చూసుకునేది ఆవిడే. పక్కనే చిన్న గదిలో ఉంటుంది. అరవై దాటి ఉంటాయి. నేను పొద్దున్నుంచీ పని చేస్తుంటే కిమ్మనకుండా బెంచీ మీద కూర్చుని చూసింది. నీలం రంగు మీద గన్ పెట్టి చూశాను. రాగి లేదు, కోబాల్టు లేదు, ఇనుము లేదు.

"ఈ నది రంగేటో తెలుసా పిన్నీ? బట్టలకి పెట్టే నీలిమందే అయ్యుంటుంది," అన్నాను.

ఆవిడ నవ్వింది. "మరేటి! యొర్దాను కూడా మన సాకిరేవే అన్నమాట."

ఆ నవ్వుతోనే మెల్లగా దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఈ గోడ ఉంటాదా?"

"చూడాలి పిన్నీ."

"మా రూతు ఇందులోనే మునిగింది. పద్నాలుగేళ్ళ గుంట. ఆ సలికాలమే సలిజొరమొచ్చి... ఉండనేదు." గోడ వైపు తిరిగింది. "ఒక్క పోటో ఉండీదమ్మా. తుపానుకి ఇల్లు కారిపోయి, తడిసి ముద్దయిపోనాది. మొకం పోనాది. ఇంకేటీ నేదు నా కాడ. ఇదే మిగిలింది."

మాను మీద నల్లటి మరకను చూపించింది. అన్ని చేతులూ కలిసిపోయిన ఆ మరకలో ఆవిడ కూతురి చెయ్యి కూడా ఎక్కడో ఉంది. నేను మెత్తటి మనిషిని కాను, మీకు తెలుసు. కానీ గోడ ఉంటుందని చెప్పేద్దామనిపించింది. అయినా మాట ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా.

"గోడ ఏం చెప్తే అదే రాస్తాను పిన్నీ. నేను కలిపేది ఏమీ ఉండదు."

"గోడనే అడుగు మరి," అంది. "అది అబద్దమాడదు."

పగలు గోడను తట్టి చూశాను. మా పనిలో ఇది పాత పద్ధతి. సంతలో పుచ్చకాయ తట్టి చూసినట్టే, వంచిన వేలితో తడుతూ వెళ్ళాలి. గచ్చు గట్టిగా పట్టుకున్న చోట టక్ మంటుంది. వదిలేసిన చోట బొద్ మంటుంది. కొండల దగ్గర బొద్. కొంగ దగ్గర బొద్. చాలా చోట్ల బొద్ బొద్. మాను మీద మాత్రం తట్టలేదు. అక్కడ రంగు పొరలు పొరలుగా లేచి ఉంది, వేలు తగిలితే రాలిపోయేలా ఉంది. దాన్ని రాత్రి కెమెరాకి వదిలేశాను.

రాత్రే ఎందుకంటారా? పగలు ఎండకి గోడ వేడెక్కి ఉంటుంది, లెక్క తప్పుతుంది. చీకటి పడి గోడ చల్లబడ్డాక హీటరుతో సమానంగా వేడి చేసి, ఆపేసి, అది ఎలా చల్లారుతోందో కెమెరాతో చూస్తూ ఉంటాం. గచ్చు వెనక ఖాళీ ఉంటే అక్కడ వేడి నిలిచిపోతుంది. కెమెరాలో వేడి ఎర్రగా, పసుపుగా కనిపిస్తుంది. చల్లదనం నీలంగా కనిపిస్తుంది. ఆ కాసేపూ గోడను ఎవ్వరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ చేతి అచ్చు కాసేపు కెమెరాలో అలాగే ఉండిపోతుంది.

సామ్యూల్ గారు ఇంటికెళ్ళిపోయారు. మార్తమ్మ వెళ్ళబోతూ తొట్టి దగ్గర ఆగింది.

"ఓ మాటు సెయ్యెట్టి ఎల్తానమ్మా?"

"ఇప్పుడొద్దు పిన్నీ. అచ్చు పడిపోద్ది. రేపొద్దున్న పెడుదువు గాని."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. రేపొద్దున్న నేను ఏం చెప్తానో ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు. "లోపల గడియెట్టుకోమ్మా, కుక్కలొస్తాయి," అని వెళ్ళిపోయింది. గడియ పెట్టాను. ఇనుప గడియ, రెండు చేతులతో లాగితే గానీ పడదు. ఇది గుర్తుపెట్టుకోండి.

చెరకు ఫ్యాక్టరీకి వెళ్ళే రోజులు. బయట లారీ వెళ్ళినప్పుడల్లా కిటికీ రెక్కలు గలగలమనేవి. తర్వాత మళ్ళీ అంతా నిశ్శబ్దం. చర్చిలో పాత చెక్క వాసన, సున్నం వాసన. హీటరు పెట్టాను. గోడంతా వేడెక్కింది. ఆపేశాను. తొట్టికి ఎదురుగా స్టాండు మీద కెమెరా, దానికి కట్టిన ల్యాప్‌టాప్ వేదిక మీద. స్క్రీన్ వైపు చూశాను.

తొట్టిలో ఎవరో నిలబడి ఉన్నారు.

పసుపు రంగు మనిషి ఆకారం. తల, భుజాలు... నా వైపే తిరిగి ఉంది.

ఉలిక్కిపడ్డాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. తొట్టి లోపల ఎప్పుడో తెల్ల టైల్స్ వేయించారు. నున్నటి టైల్స్ అద్దంలాగా వేడిని కూడా తిప్పికొడతాయి. కెమెరా వెనక నిలబడ్డ నా ఒంటి వేడి వాటిలో కనిపిస్తోంది. చెయ్యెత్తాను. అదీ ఎత్తింది. పక్కకి జరిగాను. అదీ జరిగింది. మా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళందరూ ఒకసారి ఇలా జడుసుకుంటారు. ఇన్నేళ్ళ తర్వాత నేను జడుసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని, కెమెరాకి దూరంగా పోయి ముందు బెంచీ మీద కూర్చున్నాను. ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తెచ్చుకున్నాను. తొట్టిలో ఇంక ఎవరూ లేరు.

ఎందుకు చెప్తున్నానంటే, నేను వేడిని చూసి దెయ్యం అనుకునే రకం కాదని మీకు తెలియాలి. అలాంటి పొరపాటు అప్పటికే ఒకటి చేసి దిద్దుకుని కూర్చున్నాను.

గోడ చల్లారుతోంది. ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి ఆకుపచ్చ. కానీ పెద్ద పెద్ద ముక్కలు ఎర్రగానే ఉండిపోయాయి. కొండలు, కొంగ, నది మధ్య భాగం. మాను చుట్టూ కూడా ఎరుపే. అన్నీ బోలు. ఒక్క వాన గట్టిగా పడితే రాలిపోయే గోడ. రిపోర్టులో ఏం రాయాలో తేలిపోయింది. బాధేసింది. నిజంగా బాధేసింది. సోమవారం జేసీబీ వస్తుంది. రేపు పొద్దున్న ఆవిడ మొహం ఎలా చూడాలి అనుకుంటూ కూర్చున్నాను.

చెరకు లారీ ఒకటి వెళ్ళింది. కిటికీలు గలగలమన్నాయి. లారీ దూరమైంది. కరెంటు పోయింది.

అది మామూలే. మన వైపు కరెంటు పోవడం వింతా? కెమెరా, ల్యాప్‌టాప్ బ్యాటరీల మీద నడుస్తున్నాయి. స్క్రీన్ వెలుగు తప్ప ఇంకేమీ లేదు. చిమ్మ చీకటి. పక్క వీధిలో కుక్క మొరుగుతూ మొరుగుతూ మధ్యలో ఆపేసింది.

టప్.

ఒక్క చుక్క పడ్డ శబ్దం... తొట్టి వైపు నుంచి.

తొట్టి ఎండిపోయి ఏళ్ళయింది. కుళాయి ఎప్పుడో తీసేశారు. పగలు నేను అందులో దిగి పని చేశాను, కాళ్ళకి దుమ్ము అంటింది. బల్లి ఏదైనా పడిందేమో అనుకున్నాను. స్క్రీన్ వైపు చూశాను.

మాను మీద... నీలం.

ముందు చిన్న మచ్చ. అర్థం కాలేదు. అంత ఎరుపులో నీలం రావడానికి వీల్లేదు. తర్వాత అది పెరిగింది. కింద వెడల్పుగా... పైకి ఒకటి, రెండు, మూడు... వేళ్ళు. అయిదు వేళ్ళు. విప్పిన అరచెయ్యి. చిన్నది. అంచులు కత్తిరించినంత స్పష్టంగా ఉన్నాయి. ఎవరో ఇప్పుడే పెట్టి, ఇంకా ఆనించే ఉన్నట్టు.

అక్కడ ఎవరూ లేరు. ఉంటే కెమెరాలో కనపడాలి కదా. మనిషి ఒళ్ళు వేడి. చీకట్లో దాక్కోవచ్చు గానీ ఆ కెమెరా ముందు దాక్కోలేరు. గోడ ముందు ఏమీ లేదు. చెయ్యి మాత్రం ఉంది.

నాకు భయం వేసింది. ఒప్పుకుంటున్నాను. కానీ మా పనిలో చేతులకి ఒక అలవాటు ఉంటుంది. బుర్ర ఆగిపోయినా చేతులు ఆగవు. ఫోన్ టార్చి వేసుకున్నాను. సంచిలోంచి బ్లాటింగ్ పేపర్ తీసుకున్నాను. మెట్ల మీంచి తొట్టిలోకి దిగాను. చెప్పుల చప్పుడు టైల్స్ మీద మారుమోగింది. టార్చి మాను మీద వేశాను.

తడి చెయ్యి.

మామూలు కంటికి కనిపిస్తోంది. మెరుస్తోంది. మణికట్టు దగ్గర నుంచి సన్నగా ఒక ధార గోడ మీద జారి, టైల్ అంచున ఆగింది. నేను చూస్తుండగానే ఆ చుక్క బరువెక్కింది... వేలాడింది... టప్.

అప్పుడు నా చెయ్యి దాని దగ్గరికి తీసుకెళ్ళాను. ముట్టుకోకుండా, కాస్త ఎడంగా పెట్టి, సైజు చూడటానికి. నా కుడిచెయ్యి పెట్టాను. సరిపోలేదు. అది చిన్నది కావడమే కాదు, బొటనవేలు కూడా అటువైపు ఉంది. ఎడమచెయ్యి పెట్టి చూశాను. అప్పుడు కుదిరింది. అక్కడ ఎడమచెయ్యి ఆనించాలంటే మెట్ల వైపు నడిచేవాళ్ళు ఆగి, గోడకేసి తిరగాలి. ఎవరు తిరుగుతారు? ఇది అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. వెచ్చటి గోడ మీద చెమ్మ పట్టదు. వెచ్చటి గోడ మీద చెమ్మ పట్టదు.

బ్లాటింగ్ పేపర్ ఆ ధార చివర, మెత్తగా ఆనించాను. తడిసింది. దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టాను. తర్వాత ఎందుకు చేశానో తెలియదు, వేలు వంచి, ఆ చెయ్యి పక్కనే, చాలా మెల్లగా తట్టాను.

టక్.

ఇంకోచోట తట్టాను. టక్. చెయ్యి పైన టక్. కింద టక్. మూరెడు దూరం జరిగాక మళ్ళీ బొద్. స్క్రీన్ మీద మాను చుట్టూ ఎరుపే ఉంది కాబట్టి మొత్తం బోలే అనుకున్నాను. మధ్యలో ఉన్న ఈ ముక్కను నేను చూడనే లేదు. గచ్చంతా వదిలేసినా ఈ మూరెడు మాత్రం రాయిని పట్టుకుని ఉంది. అన్ని చేతులూ నొక్కి నొక్కి దాన్ని అలా అతికించేశాయేమో. అలా జరగడానికి వీలుంది. అంతవరకూ శాస్త్రమే.

"అమ్మా!"

నేను కెవ్వుమన్నాను. తలుపు అవతల మార్తమ్మ.

"కరెంటు పోనాది కదా, బయపడతన్నావేమోనని... టీ తెచ్చేను. తలుపు తియ్యి."

గడియ తీయడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. అంటే పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది. ఆవిడ ఒక చేత్తో కొవ్వొత్తి, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. నేను ముందు ఆవిడ చేతులే చూశాను, సిగ్గు లేకుండా. పెద్ద చేతులు. గరుకు చేతులు. పొడిగా ఉన్నాయి.

"ఏటమ్మా, మొకం అలాగుందేటి?"

"ఏం లేదు పిన్నీ. ఆకలి."

"మరి సెప్పవేటి! రొట్టె ఉన్నాది, ఉండు."

ఆవిడ మళ్ళీ వచ్చేలోపు గోడ ఆరిపోయింది. టార్చి వేస్తే మామూలు మాను, మామూలు మరక. ఆవిడకి నేనేమీ చెప్పలేదు. టీ తాగాను, రొట్టె తిన్నాను, పెట్టెలు సర్దాను. అక్కడ పడుకోమంటే మాత్రం పడుకోలేదు. సామ్యూల్ గారికి ఫోన్ చేసి, స్కూటరు మీద తీసుకెళ్ళమన్నాను. ఇన్నేళ్ళలో అలా అడగడం అదే మొదలు.

పొద్దున్న రిపోర్టు ఇచ్చాను. గోడ నిలబడదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. మాను మీద మూరెడు ముక్క గట్టిగా ఉంది, దాన్ని మాత్రం చెక్కుచెదరకుండా తీయొచ్చు, అనీ రాశాను. ఆ రెండో మాట ఆ రాత్రి నేను తొట్టిలోకి దిగకపోతే రాసేదాన్ని కాదు.

"మూరెడు గోడకి ఇంత యాతనేటమ్మా?" అన్నారు సామ్యూల్ గారు.

"మీ చెయ్యి కూడా అందులోనే ఉంది కదండీ మాస్టారూ," అన్నాను.

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. తర్వాత జేసీబీ వాడికి ఫోన్ చేసి, వారం ఆగమన్నారు. ముందు పలచటి గుడ్డ జిగురుతో అంటించి, వెనక నుంచి కోసి, ఆ ముక్కను చెక్క పలక మీదకి దించాం. రంగు రేణువు కూడా రాలలేదు.

ఇక ఆ నీళ్ళు. బ్లాటింగ్ పేపర్ తీసుకెళ్ళి పరీక్ష చేశాను. గోడలోంచి ఊరిన తేమ అయితే అందులో ఉప్పు బాగా ఉంటుంది. పాత సున్నపు గోడ లోపల ఉప్పు లేకుండా ఉండదు. ఇందులో ఉప్పు దాదాపు లేదు. అంటే ఆ నీళ్ళు గోడలోంచి రాలేదు. బయటి నుంచి వచ్చి గోడ మీద పడ్డాయి. మంచు అయ్యుంటుందన్నాడు మా ఆఫీసులో ఒకడు. వేడి చేసిన గోడ మీద మంచా? అదీ చెయ్యి ఆకారంలోనా? అయితే కెమెరా తప్పు అన్నాడు. కెమెరా తప్పయితే నా కళ్ళూ, బ్లాటింగ్ పేపరూ కూడా కలిసి తప్పు చెయ్యాలి. ఆ ముసలావిడే చేసి ఉంటుందన్నాడు చివరికి. గడియ సంగతి చెప్పాను. వాడు తల గోక్కుని వెళ్ళిపోయాడు. పెంకుల్లోంచి మంచు నీళ్ళు కారి ఉండొచ్చు కదా అని నాకు నేనే అడిగాను. పైన ఎక్కి కూడా చూశాను. అక్కడ పెంకులు బాగానే ఉన్నాయి. అయినా ఏదో ఒక సన్నని సందు నాకు కనపడలేదేమో. అవ్వొచ్చు. నేను కాదనను.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. మీరు హాయిగా పడుకునేవారు.

కొత్త చర్చి కట్టారు. కొత్త తొట్టి పక్క గోడలో, మెట్ల దగ్గర, ఆ మూరెడు మానును అమర్చారు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందు రోజు, ముక్క సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి వెళ్ళాను. మార్తమ్మ మట్టలు సర్దుతోంది. నన్ను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. ఏడ్చింది. "నువ్వు గోడనడిగేవమ్మా, అది సెప్పింది," అంది.

నాకు అప్పుడు ఇంక ఉండబట్టలేదు. అన్నాళ్ళూ ఆ రాత్రి కెమెరాలో పడిన చేతి ఫోటో ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఎవరిదో తెలియని చేతిని తీసుకెళ్ళి ఒక తల్లి ముందు పెట్టడం న్యాయమా అని ఆగాను. కానీ ఆవిడ దగ్గర ఒక్క ఫోటో కూడా లేదన్న మాట నన్ను వదల్లేదు.

"పిన్నీ, ఒకటి చూపిస్తాను. ఇదేటో నాకు తెలీదు. నీకు అబద్ధం చెప్పలేను. ఆ రాత్రి కెమెరాలో పడింది, అంతే."

బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. స్క్రీన్ తెరిచాను. ఎర్రటి గోడ, మధ్యలో నీలం చెయ్యి. మొత్తం అంతే. ఏ రంగు దేనికో నేను చెప్పలేదు. చెప్పే తీరిక ఇవ్వలేదు ఆవిడ.

ఆశ్చర్యపోలేదు. చాలాసేపు చూసింది.

"ఎడంసెయ్యి," అంది. "ఎన్ని మాట్లు సెప్పినా ఎడంసెయ్యే ఎట్టీది దొంగ గుంట. తిండికీ అదే, రాతకీ అదే. ఆ రోజూ అంతే. కుడిసెయ్యెట్టవే అని పాస్టరుగారు అంటంటే... గోడకేసి తిరిగిపోయి ఇదెట్టేసింది. అందరూ నవ్వేరు."

బొటనవేలు సంగతి నేను ఏ మనిషికీ చెప్పలేదు. మీకే ఇప్పుడు చెప్తున్నాను.

ఆవిడ చెయ్యి స్క్రీన్ దాకా వచ్చి ఆగిపోయింది. ముట్టుకోవద్దని ఆ రాత్రి నేను అన్నది గుర్తొచ్చినట్టుంది.

"పెట్టు పిన్నీ," అన్నాను. "పర్లేదు."

ఆ పెద్ద, గరుకు చెయ్యి ఆ చిన్న నీలం చేతి మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నా వైపు తిరిగి, జ్వరం చూసిన డాక్టర్ని అడిగినట్టు అడిగింది.

"దానికింకా సలేస్తందేటమ్మా?"